అధికారం వేరు, నాయకత్వం వేరు

పదిమంది చేత పని చేయించే బాధ్యత మనలో చాలామందికి ఏదో ఒక రూపంలో వస్తుంది. ఒకరు కార్యాలయంలో సూపరింటెండెంటు, మరొకరు పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, ఇంకొకరు వెల్డింగ్ షాపు యజమాని, వేరొకరు ఇంట్లోనే ఇద్దరు కుట్టుపనివారిని పెట్టుకొని మగ్గం పని చేయించే సోదరి. వీరందరికీ తమ కింద పనిచేసేవారిని ఆజ్ఞాపించే హక్కు ఉన్నది. ఆ హక్కు ఉన్నంత మాత్రాన వారు నాయకులైనట్లేనా? దీనికి సమాధానం వెదకడానికి మనం దూరం పోనవసరం లేదు. పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చరిత్ర, అక్కడి పనిపాటలు మనకు చాలినంత బోధిస్తాయి.

జనగామ చెప్పే చరిత్ర

నిజాం పాలనలో జనగామ ప్రాంతమంతా దేశ్‌ముఖుల పెత్తనం కింద ఉండేది. వారిలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు ఎక్కువగా వినబడుతుంది. ఆయన అధికారం వంశపారంపర్యంగా వచ్చినది. భూమి, గుమాస్తాలు, లాఠీలు పట్టిన మనుషులు, పైవారి అండ అన్నీ ఆయనకు ఉండేవి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలైన వృత్తులవారు కూలి లేకుండానే ఆ గడీకి వెట్టి చేయవలసి వచ్చేది. ఆయన మాట జరిగేది, కానీ అది భయం వలన జరిగేది.

అదే ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు ఉండేవారు. ఆయనకు పదవి లేదు, పరివారం లేదు. తన భూమి హక్కు కోసం ఆయన దేశ్‌ముఖ్ అండ ఉన్నవారిని ఎదిరించి న్యాయస్థానానికి వెళ్లారు. బెదిరింపులకు వెనుదీయలేదు. 1940లో ఆయనను దారికాచి హత్య చేశారు. ఆయన జీవితమే తరువాత ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ అయింది. ఆరేళ్లకు, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు నేలకొరిగినప్పుడు భయం పూర్తిగా తిరగబడింది. తరతరాల అధికారం కొద్ది కాలంలోనే కూలిపోయింది.

దేశ్‌ముఖ్ వద్ద ఆజ్ఞాపించే శక్తి అంతా ఉన్నా, ప్రజలు తమవాడని తలచుకొనేది బందగీనే. ప్రమాదాన్ని ఆయన తన మీదకు తీసుకొన్నారు. దేశ్‌ముఖ్ దానిని ఇతరుల మీదకు నెట్టాడు. నాయకత్వానికి ఇది మొదటి గీటురాయి.

ముందుగా లోపలికి వెళ్లేవాడు

ఇదే గీటురాయిని నేటి ఉద్యోగానికి అన్వయించి చూద్దాం. భూపాలపల్లిలో సింగరేణి సంస్థకు చెందిన కాకతీయ ఖని గనులున్నాయి. భూగర్భ బొగ్గు బాయిలో ‘సర్దార్’ అనే ఉద్యోగి ఉంటాడు. షిఫ్టు కార్మికులు పని స్థలానికి చేరకముందే అతను వెళ్లి గాలి ఆడుతున్నదా, విషవాయువు ఉన్నదా, పైకప్పు గట్టిగా ఉన్నదా అని పరీక్షించాలి. పైకప్పును కడ్డీతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది పట్టు విడిచిందో లేదో తెలుసుకొంటారు. ప్రమాదం కనబడితే మనుషులను అక్కడి నుండి వెనక్కు రప్పించడం అతని చట్టబద్ధమైన బాధ్యత.

చట్టం సర్దార్‌కు ఇచ్చిన మొదటి పని అందరికంటే ముందు లోపలికి వెళ్లడమేనని గమనించండి. ఇదే పనిని ఇద్దరు రెండు విధాలుగా చేయవచ్చు. ఒకరు రిజిస్టరులో సంతకం పూర్తి చేసి, ఉత్పత్తి లక్ష్యాన్ని గుర్తుచేసి ఊరుకొంటారు. మరొకరు అనుమానం ఉన్నచోట పని ఆపించి, పైఅధికారికి జవాబు తానే చెప్పుకొంటారు. హోదా ఇద్దరిదీ ఒక్కటే. కానీ కార్మికులు ఎవరి మాట మీద నమ్మకంతో లోపలికి నడుస్తారో వేరే చెప్పనక్కరలేదు.

హిజ్రీ 5వ సంవత్సరంలో మదీనా రక్షణకు కందకం తవ్వినప్పుడు దైవప్రవక్త (స) గుడారంలో కూర్చొని పని పురమాయించలేదు. తానూ తవ్వారు, మట్టి మోశారు, సహచరులతో పాటు ఆకలిని భరించారు.

లెక్క అందరి ఎదుట

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వ్యవసాయ మార్కెట్‌ పేరెన్నికగన్నది. అటువంటి మార్కెట్లలో దడవాయిలు తూకం వేస్తారు, హమాలీలు ముఠాలుగా బస్తాలు ఎత్తుతారు. ఎండలో రోజంతా మోసిన బరువుకు వచ్చిన కూలి సాయంత్రానికి పంచుకోవాలి. ముఠా పెద్ద మంచివాడా కాడా అన్నది అక్కడ తేలుతుంది. ఎన్ని బస్తాలు ఎత్తారో, ఎంత వచ్చిందో, ఎవరి వంతు ఎంతో అందరి ఎదుట చెప్పేవాడి ముఠా చెదరదు. లెక్క తన జేబులోనే ఉంచుకొనేవాడు ఎంత గట్టిగా అరిచినా అతని వెనుక గుసగుసలు ఆగవు. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధనను మనం తరచుగా చెప్పుకొంటాము. ఆ కూలి లెక్కను అతనికి అర్థమయ్యేటట్లు చూపడం కూడా ఆ బోధనలో భాగమేనని మేము భావిస్తున్నాము.

కింది మాట పైకి చేరుతున్నదా?

రెండవ గీటురాయి మరింత కఠినమైనది. మన కింద పనిచేసేవారు మన తప్పును మనకు నిర్భయంగా చెప్పగలుగుతున్నారా?

ఉహద్ యుద్ధానికి ముందు పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ప్రవక్త (స) అభిప్రాయం. సహచరులలో ఎక్కువమంది బయటకు వెళ్లి పోరాడాలన్నారు. ఆయన వారి మాటను మన్నించారు. యుద్ధంలో విలుకాండ్రు తమ స్థానాన్ని విడిచినందువలన తీవ్ర నష్టం కలిగింది. ఆ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరాలోని ఆదేశం, వారిని మన్నించమనీ, ఇక ముందు కూడా వారిని సంప్రదిస్తూనే ఉండమనీ బోధిస్తుంది. ఒకసారి నష్టం జరిగిందని సంప్రదింపుల ద్వారం మూయలేదు. హజ్రత్ ఉమర్ (రజి) హజ్ సమయంలో తన గవర్నర్లను పిలిపించి, వారి మీద ప్రజల ఫిర్యాదులను స్వయంగా వినేవారు.

దీని అర్థం మెత్తదనమే నాయకత్వమని కాదు. తప్పు చేసినవానిని ప్రశ్నించాలి, పని సక్రమంగా జరిపించాలి. అయితే నలుగురిలో అవమానించడం వేరు, పక్కకు పిలిచి సరిదిద్దడం వేరు. అవమానం పొందినవాడు మరునాటి నుండి తప్పు చేయడం మానడు, దాచడం నేర్చుకొంటాడు. దాచిన తప్పు దుకాణంలో నష్టం తెస్తుంది. బొగ్గు బాయిలో అయితే ప్రాణమే తీస్తుంది.

మన ఇంటి నుండే

ప్రతి ఒక్కరూ ఒక కాపరి వంటివారేనని, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారని ప్రవక్త (స) హెచ్చరించారు. కనుక మనం కొన్ని ప్రశ్నలు వేసుకొందాం. మన దుకాణంలో పనిచేసే కుర్రవాడు జుమా నమాజుకో, జ్వరం వచ్చిందనో సెలవు అడగడానికి జంకుతున్నాడా? మన ఇంట్లో పనిచేసే స్త్రీకి మనం తినేదే పెడుతున్నామా, మిగిలినది పెడుతున్నామా? పండుగ రద్దీలో పని పెరిగినప్పుడు మనమూ చేయి వేస్తున్నామా? పని చెడినప్పుడు నింద ఎవరి మీద వేస్తున్నాము, మంచి పేరు వచ్చినప్పుడు ఎవరి పేరు చెబుతున్నాము?

ఉత్తర్వు ఒక్కటి వస్తే అధికారం వస్తుంది, మరొక్కటి వస్తే పోతుంది. అది ఉన్నంతకాలం మన చేతిలోని అమానత్. దానిని ఎలా వాడామన్న ప్రశ్న పదవీ విరమణతో ముగియదు.