ముదురు మగజింక పడక, దాని వేట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తెల్లతోక జింకలు మొక్కజొన్న, సోయా పైరులను మేసి రైతులకు మిక్కిలి నష్టము కలిగించుచున్నవి. అందుచే అచట లైసెన్సు పొంది, నియమిత కాలమున వీనిని వేటాడుదురు. లేతజింకలు పొలముగట్టుననే చిక్కును. నాలుగైదేండ్లు దాటిన మగజింక అట్లు చిక్కదు. అది పగలెల్ల పడకలో నెమరువేయుచు, చీకటిపడినగాని పొలమునకు రాదు. కావున దాని పడకచోటు నెరుగవలయును.

వేటకాలము ముగిసిన పిమ్మట, చెట్లు చిగురింపకమునుపే అడవిని పరిశీలింపవలయును. ఎండుటాకులు నొక్కుకొనిపోయిన కోలపాటి గుంటయే పడక. ఒంటిగానున్న పెద్దగుంట సాధారణముగా మగదానిది. చిన్నవి పెద్దవి కలసియున్నచో తల్లీపిల్లలవి. చెంత చెట్లబెరడు కొమ్ములరాపిడిచే లేచియున్నచో సందేహము తీరును.

కొండచోట్ల నిది తరచుగా గాలిని వీపునకుంచి, చూపును పల్లమునకు సారించి పండుకొనును. వెనుక వచ్చువానిని వాసనచేతను, ముందు వచ్చువానిని కంటిచేతను పసికట్టును. ఎండవేళ గాలి మీదికెక్కును. సాయంకాలము చల్లబడి దిగును. తనవాసన పడకకు పోనిచోట, అది మేతకు వెడలు త్రోవప్రక్కన, అలికిడిలేక కూర్చుండవలయును. గాలి అనుకూలింపనినాడు మరలిపోవుటయే మేలు; బెదరిన జింక ఆ పడకను విడిచిపోవచ్చును.

మనదేశమున 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే జింకలవేట నిషిద్ధము; సభ్యులెవ్వరును దీనికి పూనరాదు. అయినను పైరుకావలికి ఈ యెరుక పనికివచ్చును. మృగము పగలు దాగుచోటును, పొలమునకు వచ్చు త్రోవను కనిపెట్టిన రైతే కంచెను, కావలిమంచెను తగినచోట నిలుపగలడు.