ఎదగని గెలాక్సీ, మారిన లెక్క



శీతాకాలంలో ఇషా నమాజు ముగిశాక ఉత్తరాకాశంలో పైకి చూస్తే పర్సియస్ తారామండలం కనిపిస్తుంది. అందులో మూడు రోజులకొకసారి మసకబారి మళ్లీ వెలిగే తార పేరు ఆల్గోల్. ‘రఅసుల్ గూల్’, అనగా పిశాచి తల, అన్న అరబ్బీ మాటే ఐరోపావారి నోట అలా మారింది.

ఆ తార దిక్కుననే, దానికి ఎంతో ఆవల, వెయ్యికి పైగా గెలాక్సీలు గుంపుగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఎన్‌జీసీ 1277. లారెన్స్ పార్సన్స్ 1875లో దానిని కనుగొన్నారు. దూరం దాదాపు 22 కోట్ల కాంతి సంవత్సరాలు. నేడు మన దూరదర్శినిలో పడే దాని వెలుగు మానవుడు భూమిపై అడుగిడక ఎంతో ముందే బయలుదేరింది.

ఇది ‘లెంటిక్యులర్’ తరగతికి చెందినది. మసూరు పప్పుకు లాటిన్‌లో ఉన్న పేరు నుండి ఆ మాట పుట్టింది. మన ఇళ్లలో వండుకునే ఆ గింజను పక్కనుండి చూడండి: నడుమ ఉబ్బు, అంచులు పలుచన. ఈ గెలాక్సీ రూపమూ అంతే. పాలపుంతకున్న మెలిక చేతులు దీనికి లేవు.

పెద్ద గెలాక్సీలు సాధారణంగా చిన్నవాటిని కలుపుకుంటూ పెరుగుతాయి. ఇది పెరగలేదు. దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ల క్రితం పాలపుంతకంటే వెయ్యి రెట్ల వేగంతో తారలను కని, ఆగిపోయింది. గంటకు 30 లక్షల కిలోమీటర్లకు పైగా వేగంతో గుంపులో దూసుకుపోతున్నందున ఏ పొరుగు గెలాక్సీతోనూ కలవలేకపోయిందని శాస్త్రజ్ఞుల వివరణ. పరిమాణంలో పాలపుంతలో నాలుగోవంతు, తారలు మాత్రం రెట్టింపు!

ఇక అసలు సంగతి. దీని నడుమ గల కృష్ణబిలం 1700 కోట్ల సూర్యుల బరువుంటుందని 2012లో ప్రకటించారు. మరుసటి ఏడే మరొక విశ్లేషణ 500 కోట్లు చాలునన్నది. 2016లో ఒక బృందం 120 కోట్లకు దించింది. ఇందులో శాస్త్రం సిగ్గుపడవలసినదేమీ లేదు. కొలవడం, సరిదిద్దుకోవడం దాని పద్ధతి. చిక్కు మన వైపున ఉంది. కొత్త అంకె వెలువడగానే మనలో కొందరు దానిని ఒక ఆయతుకు ముడివేసి, ఇదిగో రుజువని వాట్సాప్‌లో పంచుతారు. ఒక్కోసారి మింబరుపై నుండి కూడా వినిపిస్తారు. అంకె తగ్గిననాడు, దానిని నమ్మిన యువకుడు దేనిని శంకించాలి? అంకెనా, దానికి మనం కట్టిన ఆయతునా? సృష్టిని గురించి యోచించమన్న ఆదేశానికి ఈ ముడి అవసరమే లేదు.

2023లో ఇదే గెలాక్సీపై మరొక వార్త వచ్చింది. కొలవగలిగిన మేరకు అందులో డార్క్ మ్యాటర్ అనే అదృశ్య పదార్థం జాడే కానరాలేదట. ఎందుకన్నది ఇంకా తేలలేదు.