హార్స్ రైడింగ్ నేర్చుకోవాలా.. ఫీజు కట్టే ముందు గుర్రపుశాలలో ఇవి చూశారా?

గుర్రపు స్వారీ అంటే రాజులకు, పోలీసులకు, సైన్యానికే అనుకునే రోజులు పోయాయి. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, అజీజ్‌నగర్ వైపు వెళ్తే స్వారీ నేర్పే చోట్లు ఉన్నాయి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ జట్టు గోల్డ్ కొట్టింది. ఈక్వెస్ట్రియన్‌లో 1982 తర్వాత, అంటే 41 ఏళ్లకు మనకు దక్కిన గోల్డ్ అది.

మరి మీ పిల్లల్ని పంపాలనుకుంటున్నారా? ఫోన్‌లో వెతికి, దగ్గరగా ఉందని చేర్పించేస్తే రిస్కే. ముందు ఇవి తెలుసుకోండి.

జాయ్ రైడ్ వేరు.. ట్రైనింగ్ వేరు

మ్యాప్‌లో వెతికితే రిసార్టులు, ఫొటోషూట్ గుర్రాలు, స్వారీ స్కూళ్లు అన్నీ కలిసే వస్తాయి. గుర్రం ఎక్కించి రెండు రౌండ్లు తిప్పి దించేస్తే అది జాయ్ రైడ్. నేర్పే చోట మొదటి రోజే గుర్రం దగ్గరికి ఎలా వెళ్లాలి, జీను ఎలా కట్టాలి, పగ్గాలు ఎలా పట్టుకోవాలో చెబుతారు. తర్వాత గుర్రానికి పొడవాటి తాడు కట్టి, కోచ్ మధ్యలో నిలబడి గుండ్రంగా నడిపిస్తారు. ముందు నడక, తర్వాత ట్రాట్, ఆ తర్వాతే కాంటర్. మొదటి వారంలోనే పరుగెత్తిస్తామంటే అనుమానించాల్సిందే.

ముందు గుర్రాన్ని చూడండి

ఫీజు అడిగే ముందు గుర్రాలను కట్టే చోటికి తీసుకెళ్లమనండి. చూపించడానికి వెనకాడితే వద్దనుకోండి. నీడ, శుభ్రమైన నీళ్లు, గడ్డి ఉన్నాయా? పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయా? జీను వేసే చోట పుండ్లు ఉన్నాయా? గిట్టలు పగిలాయా? సాధారణంగా 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కి నాడాలు మార్చాలి. మన ఎండల్లో మధ్యాహ్నం క్లాసులు పెట్టేవాళ్లు గుర్రాన్నీ, పిల్లల్నీ పట్టించుకోనట్టే.

కొన్ని చోట్ల రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ గుర్రాలను వాడతారు. అవి వేగంగా పరుగెత్తడానికే అలవాటు పడ్డవి. కొత్తవాళ్ల కోసం వాటికి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చారా లేదా అన్నది అడగండి.

గ్లాండర్స్ టెస్ట్ చేయించారా?

ఇది చాలామంది అడగని ప్రశ్న. గ్లాండర్స్ అనేది గుర్రాల నుంచి మనుషులకూ సోకే ప్రమాదకరమైన బ్యాక్టీరియా జబ్బు. దీనికి వ్యాక్సిన్ లేదు. గుర్రానికి వస్తే పశుసంవర్ధక శాఖకు తెలపడం తప్పనిసరి. అందుకే రక్త పరీక్ష రిపోర్టు చూపించమని అడగడంలో తప్పేం లేదు. మీరు కూడా టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నారో లేదో చూసుకోండి. ఆ బ్యాక్టీరియా మట్టిలో, గుర్రాల పేడలో ఉంటుంది.

హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు

బైక్ హెల్మెట్ పనికిరాదు. గడ్డం కింద పట్టీ ఉన్న రైడింగ్ హెల్మెట్టే కావాలి. చెప్పులు, మడమ లేని షూ వేసుకోకూడదు. ఎందుకంటే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. గుర్రం బెదిరితే అది పట్టుకున్న కాలితోనే మనిషిని ఈడ్చుకెళ్తుంది. చిన్న మడమ ఉన్న బూట్లు అందుకే. ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారా, దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉందన్నది కూడా కనుక్కోండి.

బరువు లెక్క కూడా ఉంది

స్వారీ చేసేవాళ్ల బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో సుమారు 20 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. అంటే 400 కిలోల గుర్రం మీద 80 కిలోలు. మీ బరువు అడగకుండానే గుర్రం ఎక్కించేస్తున్నారంటే ఆలోచించుకోవాలి. చిన్నపిల్లలకైతే పొట్టి పోనీలే బెస్ట్.

ఖర్చు తక్కువలో దారి ఉందా?

ఉంది. కాలేజీ విద్యార్థులైతే ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం గురించి అడగండి. అందులో కేడెట్లకు స్వారీ నేర్పుతారు. ఈ యూనిట్లు ఎక్కువగా వెటర్నరీ కాలేజీల దగ్గరే ఉంటాయి.

ప్రైవేట్ స్కూల్ అయితే ఒకేసారి మూడు నెలల ప్యాకేజీ కట్టేయొద్దు. ముందు ఒక క్లాసుకు డబ్బులిచ్చి, పక్కన నిలబడి చూడండి. కోచ్ గుర్రాన్ని కొడుతున్నాడా, నచ్చజెపుతున్నాడా? ఒక్క కోచ్ ఎంతమంది పిల్లల్ని చూస్తున్నాడు? ఈ రెండూ చూస్తే ఫీజు కట్టాలా వద్దా అన్నది మీకే తెలిసిపోతుంది.