దీపము వెలుగును, బండి కదలదు

తెల్లవారకముందే అంగడికి చేరవలసిన టమాటాల పెట్టెలు బండి వెనుక తొట్టిలో సిద్ధముగా నున్నవి. రైతు వచ్చి కూర్చుండి తాళపుచెవి త్రిప్పినాడు. ‘టక్’ మని ఒక్క చప్పుడు. అంతవరకు చక్కగా వెలుగుచున్న దీపములు సైతము ఆరిపోయినవి. చెవిని వెనుకకు త్రిప్పి కొంతసేపు ఊరకున్నచో దీపములు మరల వెలుగును. మరల త్రిప్పినచో మరల చీకటియే. అమెరికా పల్లెసీమలలో నేటికిని తిరుగుచున్న పాత పికప్పు బండ్ల యజమానులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు.

ఇట్టి సమయమున తొలుత వినబడు మాట ఒక్కటే: “బ్యాటరీ పోయినది, క్రొత్తది వేయవలెను.” క్రొత్తది వచ్చును. బండి రెండు దినములు నడచును. మూడవనాడు మరల అదే చప్పుడు, అదే చీకటి. అప్పుడు స్టార్టరు మోటారు మార్తురు. పిమ్మట ఆల్టర్నేటరు మార్తురు. పాత బండి వెలకు సగము సొమ్ము వ్యయమైన తరువాత ఏ తీగ చివరనో తెల్లని పొక్కు కనబడును. దానిని గీకి బిగించినంతనే బండి కదలును. రోగమొకటి, మందొకటి యైనప్పుడు నష్టపోవునది ధనము మాత్రమే కాదు. సంతకు చేరవలసిన సరకు ఎండలో వాడిపోవును. రైతుకు తన బండిపై నమ్మకము పోవును.

ఈ చిక్కు పికప్పుతోనే పుట్టినది కాదు. ఫోర్డు సంస్థ 1925లో తన మోడల్-టి బండి వెనుక ఒక చిన్న తొట్టిని కర్మాగారముననే అమర్చి అమ్మసాగెను. దాని వెల 281 డాలర్లు. ఆనాటికి విద్యుత్తు మోటారు బండ్లలో ప్రవేశించి ఎంతో కాలము కాలేదు. చేతితో కమ్మీ త్రిప్పి ఇంజనును లేపవలసిన శ్రమను తొలగించి, చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారున అమరినది. మన మెకానిక్కులు ‘సెల్ఫు’ అని పిలుచునది దీనినే. దానికి బలమిచ్చు సీసపు బ్యాటరీ అంతకు పూర్వమే, 1859లో, గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నది.

తొలినాళ్ల పికప్పులలో బ్యాటరీ ఆరు వోల్టులది. 1950 దశకము నడుమ అది పండ్రెండు వోల్టులదైనది. షెవ్రొలే 1955లోను, ఫోర్డు పికప్పులు 1956లోను ఈ మార్పు పొందినవి. దీనికి కారణము విద్యార్థులు తెలిసికొనదగినది. పని అంతే యుండగా వోల్టులు రెట్టింపైనచో, ప్రవాహము సగమగును. ప్రవాహము సగమైనచో, అదే తీగలో వేడిగా మారి వృథాయగు శక్తి నాల్గవ వంతునకు దిగును. పెద్ద ఇంజన్లను త్రిప్పుటకు ఈ సౌలభ్యము అవసరమైనది.

1970 దశకమునాటి ఫోర్డు ఎఫ్-100 పికప్పును ఉదాహరణముగా తీసికొందము. దాని విద్యుత్తు నడచు దారి మిక్కిలి సులభమైనది. బ్యాటరీ ధనధ్రువమునుండి ఒక లావు తీగ బయలుదేరి, చక్రముపై రేకునకు బిగించిన రిలే చెంతకు పోవును. తాళపుచెవి త్రిప్పినప్పుడు రిలే తలుపు తెరచినట్లు దారి యిచ్చును. అప్పుడు విద్యుత్తు స్టార్టరునకు చేరును. దీపములు, హారను మొదలైన తక్కినవాటికి విద్యుత్తు ఆ రిలే వద్ద బ్యాటరీ తీగ బిగించిన మరనుండియే వేరొక తీగ ద్వారా పోవును. పోయిన విద్యుత్తు తిరిగి రావలెను గదా! దానికి వేరు తీగలు చాలవరకు లేవు. ఇంజను ఇనుము, బండి రేకు, చట్రము, ఇవియే తిరుగుదారి. దీనినే మనవారు ఎర్తు అందురు. బ్యాటరీ ఋణధ్రువమునుండి లావు తీగ ఒకటి ఇంజనునకును, ఇంజనునుండి సన్నని పట్టీ ఒకటి బండి రేకునకును బిగించి యుండును.

ఇప్పుడు మొదటి ప్రశ్న అడుగవలెను. బ్యాటరీలో బలమున్నదా? మీటరు మొనలను సీసపు ధ్రువములపై ఆనించి చూడవలెను. విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నదనియు, 12.2 చూపినచో సగమున్నదనియు, 12కు దిగినచో దాదాపు వట్టిపోయినదనియు గ్రహింపవచ్చును. అయితే ఇల్లు అలుకగానే పండుగ కాదు. బరువు మోయనప్పుడు అందరును బలవంతులే. తాళపుచెవి త్రిప్పి, స్టార్టరు లాగుచున్నప్పుడును ధ్రువములవద్ద తొమ్మిదిన్నర వోల్టులకు తగ్గకుండ నిలిచినదే మంచి బ్యాటరీ.

బ్యాటరీ నిలిచినది, బండి మాత్రము కదలలేదు. దీపములు వెలుగుచున్నవి గనుక విద్యుత్తు వచ్చుచునే యున్నదని తోచును. ఇక్కడనే పలువురు దారి తప్పుదురు. ఈ చిక్కు విప్పుటకు ఒక బడిపంతులు సాయము కలదు. జర్మనీలోని కొలోన్ నగరమున గణిత, భౌతికశాస్త్రములు బోధించుచు ప్రయోగములు చేసి, 1827లో తన సూత్రమును ప్రకటించిన గియోర్గ్ ఓమ్ ఆయన. ప్రవాహమును నిరోధముతో హెచ్చించినచో ఆ నిరోధమువద్ద నష్టపోవు వోల్టులు తెలియును.

ధ్రువమునకును, దానిని పట్టుకొన్న టెర్మినలునకును నడుమ తుప్పు పేరి, ఓములో ఇరువదవ వంతు, అనగా 0.05 ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. ముందు దీపములు రెండును సుమారు 9 ఆంపియర్లు లాగును. అప్పుడు నష్టము 0.45 వోల్టు. అరవోల్టు తగ్గినచో కంటికి తెలియదు. స్టార్టరు లాగునది 150 ఆంపియర్లు. అంత ప్రవాహమునకు ఆ తుప్పువద్దనే ఏడున్నర వోల్టులు హరించుకొనిపోవలెను. మిగిలిన ఐదు వోల్టులతో ఇంజను తిరుగదు. దీపములకు చాలిన దారి స్టార్టరునకు చాలదు. కాలిబాటపై మనిషి పోగలడు, రథము పోజాలదు. పెద్ద ప్రవాహపు వేడికి ఆ కొద్దిపాటి స్పర్శయు తెగినచో దీపములును ఆరును. చల్లారిన పిమ్మట అది మరల కలిసి దీపములు వెలుగును. రైతు చూచిన వింత ఇదియే.

దోషము ఎచ్చట నున్నదో మీటరే చెప్పును, అడుగు తీరు తెలియవలెనంతే. ఒకరు తాళపుచెవి త్రిప్పుచుండగా, మీటరు ఒక మొనను సీసపు ధ్రువముపైనను, రెండవ మొనను దానిపై టెర్మినలుపైనను ఉంచవలెను. రెండును కలిసియున్నచో మీటరు దాదాపు సున్న చూపును. అచ్చట వోల్టులు కనబడినచో అవియే దొంగిలింపబడిన వోల్టులు. దొంగ దొరకినాడు. అచ్చట లేనిచో రెండవ మొనను రిలే మరపైకి, పిమ్మట రిలే ఆవలి మరపైకి, ఆపైన స్టార్టరు మరపైకి జరుపుచు పోవలెను. మొత్తము దారిలో నష్టము అరవోల్టునకు మించరాదు. ఎర్తు పక్షమును ఇట్లే ఋణధ్రువమునుండి ఇంజను ఇనుమువరకు చూడవలెను. అచ్చట 0.2 వోల్టునకు మించినచో తీగ విప్పి, రంగును తుప్పును గీకి, మెరయు లోహముపై బిగించవలెను. పలువురు మరచునది ఈ తిరుగుదారినే. కొన్ని తీగలు పైన పటారము, లోన లొటారము. తొడుగు నిగనిగలాడుచుండగా లోపలి రాగి పచ్చని పొడియై యుండును.

బ్యాటరీ బాగుగా నుండియు స్టార్టరు, దీపము, హారను, ఏదియు పలుకనిచో దృష్టి వేరొక చోటికి పోవలెను. తక్కిన బండికంతకు విద్యుత్తునిచ్చు తీగ మొదట ఫ్యూజుగా పనిచేయు ఒక సన్నని తీగముక్కను ఉద్దేశపూర్వకముగా అమర్చియుందురు. ప్రమాదమున అది కరిగి తక్కిన తీగలను రక్షించును. దాని తొడుగు సులభముగా కాలదు గనుక లోపల తెగినను పైకి కనబడదు. మెల్లగా లాగినచో రబ్బరువలె సాగును. దాని స్థానమున మామూలు తీగను చుట్టుట ఇంటి ఫ్యూజులో లావు తీగను వేయుటవంటి దుస్సాహసము. ఈసారి కాలునది ఫ్యూజు కాదు, బండి.

రాత్రి నిండుగా నున్న బ్యాటరీ ఉదయమునకు వట్టిపోవుచున్నచో ఎవరో చాటుగా త్రాగుచున్నారన్నమాట. బండినంతటిని ఆపి, ఋణధ్రువపు తీగ విప్పి, ధ్రువమునకును తీగకును నడుమ ఆంపియరు మీటరు నుంచినచో ఆ లాగుడు తెలియును. పాత బండిలో అది 50 మిల్లీ ఆంపియర్లకు మించిపోరాదు. మించినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. ఏ ఫ్యూజు తీసినప్పుడు సూది పడిపోవునో, దోషము ఆ శాఖలో నున్నది. మన తార్కికులు చెప్పిన అన్వయ వ్యతిరేకములు ఇవియే. ఒకటి యున్నచోట రెండవది యుండుట అన్వయము. అది లేనిచోట ఇదియు లేకుండుట వ్యతిరేకము. మీటరు అడ్డముగా నున్నంతసేపు తాళపుచెవి త్రిప్పరాదు, మీటరు కాలిపోవును.

బండి నడచుచు నడచుచు నీరసించినచో ఆల్టర్నేటరును అనుమానింపవచ్చును. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీవద్ద సుమారు 14 వోల్టులు కనబడవలెను. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించు పాత అలవాటు డైనమోల కాలమునాటిది. ఆల్టర్నేటరు బండిలో అట్లు చేసినచో వోల్టులు పెచ్చు పెరిగి డయోడులు నాశనమగును. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను నిప్పురవ్వకు ప్రేలును, లోపలి ద్రవము గంధకామ్లము. కావున పని ప్రారంభించునప్పుడు ఋణధ్రువపు తీగనే ముందు విప్పవలెను, చివర దానినే బిగించవలెను. చేతి ఉంగరము, గడియారము తీసి ప్రక్కన నుంచవలెను.

క్రొత్త బ్యాటరీతో బండి రెండు దినములు ఏల నడచినదో ఇప్పుడు తెలియుచున్నది. నడిపించినది క్రొత్త బ్యాటరీ కాదు. దానిని అమర్చునప్పుడు టెర్మినలును కదలించి బిగించిన చేయి. ఆ రాపిడికి తుప్పు కొంత తొలగినది. కారణమును ముట్టుకొన్నవాడు దానిని గుర్తింపక, కార్యపు గౌరవమును కొన్న వస్తువునకు కట్టబెట్టినాడు.

పాఠశాలలో ఓమ్ సూత్రము నేర్చిన బాలునకు నల్లబల్లపై గీసిన తీగలకు నిరోధము లేదు, కీళ్లకు తుప్పు లేదు. లోకములోని తీగలకు రెండును కలవు. గ్రామమునందలి ట్రాక్టరు వద్దకో, ఆటో వద్దకో ఒక మీటరుతో విద్యార్థులను తీసికొనిపోయి, తాళపుచెవి త్రిప్పు క్షణమున టెర్మినలువద్ద ఎన్ని వోల్టులు పోవుచున్నవో చూపు ఉపాధ్యాయుడు, సూత్రముతోపాటు మరియొకటి కూడ నేర్పినవాడగును. వస్తువును మార్చుటకు ముందు ప్రశ్న వేయవలెను. సమాధానము వచ్చువరకు చేతిలోని సొమ్మును చేతిలోనే యుంచవలెను.