తోట మనదే, మరి నిర్ణయం?

బాపులపాడు, నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతుకు ఏటా పూత వేళ ఒకటే ఆలోచన: తోట గుత్తకు ఇచ్చేయాలా, కాపు తనే కోయించి అమ్ముకోవాలా? ఇస్తే డబ్బు ముందే చేతికొస్తుంది. మందులు, కాపలా, గాలివాన భయం అన్నీ వ్యాపారివి. ఉంచుకుంటే ఆ భారంతో పాటు లాభమూ మనదే. తీరా మే నెలలో బంగినపల్లి ధర పెరిగితే ఇచ్చినవాడు బాధపడతాడు, గాలివానకు కాయ రాలితే ఉంచుకున్నవాడు బాధపడతాడు.

ఆ బాధ సహజమే. కానీ నష్టం వేరు, తప్పుడు నిర్ణయం వేరు. జనవరిలో మనకు తెలిసింది పూత ఎలా ఉందో, అప్పు ఎంత ఉందో అంతవరకే. మే నెల ధర అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పటి తెలివితో అప్పటి నిర్ణయాన్ని తప్పుపట్టుకోవడం మనకు మనమే చేసుకునే అన్యాయం.

అసలు పశ్చాత్తాపం మరోచోట ఉంది. రెండు మూడేళ్లకు తోట గుత్తకిస్తే, వానాకాలంలో పాదులో కల్టార్ పోయాలా వద్దా అన్నది కూడా గుత్తదారు చేతుల్లోకి పోతుంది. పూత తెప్పించే ఆ మందు మోతాదు మించితే చెట్టు నీరసిస్తుంది. గడువయ్యాక చెట్టు రైతుకే మిగులుతుంది. బతుకు నిర్ణయాలను బంధువులకూ పదిమంది మాటకూ వదిలేసినా జరిగేది ఇదే.

మామిడి కొట్టేసి పామాయిల్ వేయడం ఇంకా పెద్ద మలుపు. ఎకరాకు 57 మొక్కలు, నాలుగో ఏట నుంచి కాపు, పాతికేళ్లకు పైగా బతికే తోట. ఏడాది పొడవునా గెలలు వస్తాయి, నిజమే. కానీ వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైగా నీళ్లు కావాలి. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకు చేరాలి, ధర వచ్చేదాకా దాచుకోలేం. పక్క చేనివాడు వేశాడని వేసినవాడికీ, తన బోరు నీళ్లు లెక్కగట్టుకుని వేసినవాడికీ తోట ఒకేలా కనబడొచ్చు. కష్టం వచ్చినప్పుడు రెండోవాడికి తన లెక్క తోడుంటుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో పశ్చాత్తాపం ఎలా పనిచేస్తుందో పరిశీలించారు. కొద్ది రోజుల్లో ఎక్కువగా నొప్పించేది చేసిన పని. ఏళ్లు గడిచాక మాత్రం చేయకుండా వదిలేసినదే ఎక్కువగా వేధిస్తుంది. చేసిన పొరపాటును ఎలాగో దిద్దుకుంటాం, సర్దిచెప్పుకుంటాం. చేయనిదాన్ని ఎంత గొప్పగానైనా ఊహించుకుంటూ పోవచ్చు.

చదువులో వదిలేసుకున్న ఇష్టమూ అలాంటిదే. అందుకే నాకు తోటల కన్నా పిల్లల గురించే ఎక్కువ బెంగ. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. పదో తరగతి కాగానే చేరితే ఆరేళ్ల చదువు. పల్లెటూరి పిల్లలకు అది పెద్ద వరం. అయితే పదిహేనేళ్ల పిల్ల తరఫున ఇల్లంతా మాట్లాడి, ఆ పిల్లను మాత్రం అడగని ఇళ్లు చాలా ఉన్నాయి. ఫీజులు, అప్పులు, ఉద్యోగాల సంగతి పెద్దలే చెప్పాలి, దాచకుండా చెప్పాలి. చదవాల్సింది మాత్రం ఆ పిల్లే.

ఈసారి దరఖాస్తు నింపే ముందు పిల్లను కూర్చోబెట్టి అడగండి. ఏది ఎందుకు ఎంచుకుందో తన చేతే ఒక కాగితం మీద రాయించి దాచండి. జవాబు మీకు నచ్చకపోయినా సరే, చెప్పడం పూర్తయ్యేదాకా అడ్డు రాకండి.