గుమ్మం దగ్గరి సేవ

తెలుగు వికీపీడియాలో ‘దుశ్చర్య’ అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. ఎవరో కష్టపడి రాసిన వ్యాసాన్ని కావాలని పాడుచేయడాన్ని అక్కడ అలా అంటారు. ఊరి చరిత్ర ఉన్నచోట బూతుమాట రాసిపోవడం, ఒక నాయకుని పేజీలో ఆయన తల్లిదండ్రులను తిట్టడం, ఒక కులం మీద మరో కులంవారు విషం కక్కడం, ఏమీ తోచకపోతే పేజీ మొత్తం చెరిపేయడం! ఇక ప్లాట్లు అమ్మేవారు, బరువు తగ్గించే మందులు అమ్మేవారు తమ ప్రకటనలు అతికించి పోవడం వేరే. ఈ చెత్తనంతా ఎత్తిపోసేవారు కొందరున్నారు. వారికి జీతం లేదు, సెలవు లేదు, పొగిడేవారు అంతకన్నా లేరు.

వికీపీడియా 2001 జనవరి 15న ఇంగ్లిష్‌లో మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగులోకి వచ్చింది. ‘పద్మ’ అనే ఫాంటు మార్పిడి సాధనాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున గారు దీనికి ఆద్యులు. చదివేవారెవరైనా రాయవచ్చు, రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. అందులోని బలమూ అదే, బలహీనతా అదే. అయితే ప్రతి మార్పూ ఆ పేజీ చరిత్రలో భద్రంగా ఉంటుంది. ‘ఇటీవలి మార్పులు’ అనే జాబితా చూస్తూ కూర్చుంటే ఎవరు ఎక్కడ ఏం మార్చారో వెంటనే తెలిసిపోతుంది. తప్పుడు రాతను ఒక్క మీటతో వెనక్కి తిప్పవచ్చు. పేజీలను తొలగించడానికి, పదేపదే పాడుచేసేవారిని నిరోధించడానికి అధికారం ఉన్నవారిని ‘నిర్వాహకులు’ అంటారు. తోటి సభ్యులే చర్చించి వారిని ఎన్నుకుంటారు. అన్ని భాషల మీదా పర్యవేక్షణ ఉన్న స్వచ్ఛంద సేవకులకు ఇంగ్లిష్‌లో ‘స్టీవార్డులు’ అని పేరు. మన బైబిల్లో గృహనిర్వాహకుడు అన్నది ఆ మాటే. అతనిలో నమ్మకత్వం తప్ప మరేదీ చూడవద్దన్నట్టుగా పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 4:2).

చందానగర్‌లో ఎమ్మెమ్టీఎస్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగే ఒక సాఫ్ట్‌వేర్ యువకుడు నాకు తెలుసు. మధ్యలో హఫీజ్‌పేట ఒక్కటే స్టేషన్. ఆ కొద్ది నిమిషాల్లోనే ఫోనులో ‘ఇటీవలి మార్పులు’ తెరిచి, రాత్రి ఎవరో గీసిపోయిన పిచ్చిరాతలు తుడిచేస్తాడు. ఒకరోజు ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, “అయ్యగారూ, గురుగులు పీకొద్దని ప్రభువు చెప్పారు కదా! నేను రోజూ పీకుతూనే ఉన్నాను. ఇది తప్పా?” అని అడిగాడు.

మామూలు ప్రశ్న కాదది! గోధుమలు, గురుగుల ఉపమానం (మత్తయి 13:24-30) మీద సంఘం శతాబ్దాల తరబడి తర్జనభర్జన పడింది. 411లో కార్తేజిలో జరిగిన సభలో దొనాతిస్టులనే వర్గం, ‘పొలమంటే లోకమే, సంఘం కాదు, కాబట్టి సంఘంలో గురుగులు ఉండకూడదు’ అని వాదించింది. సంఘంలోనూ రెండూ కలిసే పెరుగుతాయని, వేరుచేసే పని కోతకాలందని అగస్టీన్ జవాబు. అంత చక్కగా వాదించిన అగస్టీనే ఆ వర్గం మీద రాజదండం ప్రయోగించడాన్ని సమర్థించాడు. ఓర్పు గురించి బోధించడం సులువే, ఓర్చుకోవడమే కష్టం.

గురుగును గ్రీకులో ‘జిజానియా’ అన్నారు. వెన్ను తీసేదాకా అది అచ్చం గోధుమ మొక్కలాగే ఉంటుంది. అందుకే పీకబోయే పనివారిని యజమాని ఆపాడు. అయితే ప్రభువు వివరణలో గురుగులంటే మాటలు కావు, మనుషులు (13:38). నేనా అబ్బాయికి చెప్పింది ఇదే: “నువ్వు తీసేస్తున్నది వాక్యాన్ని బాబూ, మనిషిని కాదు. ఆ తేడా మరిచిపోయిన రోజున తప్పవుతుంది.” అపవాదు రాతను గోడమీద అలాగే వదిలేయడం ఓర్పు కాదు. అది తిట్లు తిన్నవాడికి చేసే అన్యాయం. పొరుగువాని పరువును కాపాడమన్నది పది ఆజ్ఞల్లోనే ఉంది. రాసినవాడి సంగతి వేరు. వాడు రేపు మారవచ్చు. వికీపీడియాలో కొత్తవారిని సాధారణంగా మొదట హెచ్చరిస్తారు, నిరోధం విధించినా చాలాసార్లు దానికి గడువుంటుంది, తన చర్చా పేజీలో జవాబు చెప్పుకునే దారి సాధారణంగా తెరిచే ఉంచుతారు. మొదట ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆపైన సంఘంతో చెప్పమన్న ప్రభువు క్రమం (మత్తయి 18:15-17) వారెవరూ చదివి పెట్టుకున్నది కాకపోవచ్చు. కానీ పోలిక ఉంది.

ఇదంతా కంప్యూటరే చేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ప్రకటనల చెత్తను అది బాగానే పడుతుంది. ఈమెయిల్లో చెత్త ఉత్తరాలను ఏరివేసే ఒక ప్రసిద్ధ పద్ధతికి మూలం థామస్ బేయస్ అనే పాస్టరుగారి గణితమంటే నమ్ముతారా? ఇంగ్లండులో టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊళ్లో ఆయన కాపరి. 1761లో చనిపోయాక, ఆయన వ్యాసాన్ని మరో కాపరి రిచర్డ్ ప్రైస్ వెలుగులోకి తెచ్చారు. అది 1763లో అచ్చయింది. కాపరులు లెక్కల్లో పనికిరారనేవారు ఇది గుర్తుంచుకోవాలి! అయితే తిట్టు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ‘ఒరేయ్’ అన్నది స్నేహితుల మధ్య ముద్దు, ముక్కూమొహం తెలియనివారి మధ్య అవమానం. ‘గొప్పోడివి లేరా’ అన్నది ఎప్పుడు మెప్పో ఎప్పుడు ఎత్తిపొడుపో తెలుగు ఇంట్లో పెరిగినవాడికే తెలుస్తుంది. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని ఆ మాటలన్నీ చదవక తప్పదు.

చదివినది లోపలికి పోతుంది. అసలు బాధ అక్కడుంది. ఇదే పనిని జీతానికి చేసేవారు మన సైబరాబాద్‌లోనూ ఉన్నారు. ఫేస్‌బుక్ కోసం హైదరాబాద్‌లో పోస్టులు పరిశీలించే కొందరు ఉద్యోగులు తక్కువ జీతం గురించీ ఒత్తిడి గురించీ చేసిన ఫిర్యాదులను 2019లో రాయిటర్స్ వార్తా సంస్థ ప్రచురించింది. అమెరికాలో ఈ పనివల్ల మనసు దెబ్బతిన్నదని దావా వేసినవారితో ఫేస్‌బుక్ 2020లో 5.2 కోట్ల డాలర్లకు రాజీపడింది. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారుజామున క్యాబ్ దిగే బిడ్డల్ని మనం ‘ప్రార్థనకు రావడం లేదేం?’ అని నిలదీస్తాం. ‘రాత్రి ఏం చూశావమ్మా?’ అని ఎప్పుడైనా అడిగామా?

జీతం లేని సేవకునికి మరో ప్రమాదం కూడా ఉంది. రోజూ దుర్మార్గం చూసేవాడికి అందరూ దుర్మార్గుల్లాగే కనిపిస్తారు. చేతిలో తొలగించే మీట ఉంటే, తనకు నచ్చనిదల్లా దుశ్చర్యే అనిపిస్తుంది. తానే ఒక పక్షంగా ఉన్న తగాదాలో తానే తీర్పు తీర్చకూడదన్నది వికీపీడియాలో మంచి సంప్రదాయం. మన సంఘ కమిటీల్లో అది ఉంటే ఎన్ని కోర్టు కేసులు తగ్గేవో!

మనవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. విజ్ఞాన సర్వస్వంలో ప్రసంగం రాస్తే తీసేస్తారు, ఏ మతంవారు రాసినా తీసేస్తారు. దాన్ని శ్రమ అనుకుని కన్నీళ్లు పెట్టుకోవడం, తీసినవారిని శపించడం విశ్వాసికి తగదు. సోదరుణ్ణి ‘వ్యర్థుడా’ అనడాన్నే ప్రభువు అంత తీవ్రంగా ఎంచితే (మత్తయి 5:22), ఆయన పేరున తిట్టడాన్ని ఏమనాలి?

నిర్వాహకులు తరచుగా వినే నింద ఒకటుంది. ‘అందరం సమానమైతే మీ పెత్తనమేమిటి?’ అని. కోరహు రెండువందల యాభైమంది పెద్దలను వెంటబెట్టుకొచ్చి మోషే అహరోనుల మీద వేసిన నింద ఇదే (సంఖ్యాకాండము 16). కోరహు నశించాడు, అతని కుమారులు మాత్రం చావలేదు (26:11). ఆ వంశంవారికే దేవుని మందిరంలో ద్వారపాలకుల పని దొరికింది. దుష్టుల గుడారాల్లో కాపురం కన్నా దేవుని వాకిట నిలబడటమే మేలని 84వ కీర్తన అంటుంది. అది కోరహు కుమారుల పేరునే ఉంది. వాకిలి విలువ వారికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఎవరిని రానివ్వాలో, దేన్ని ఆపాలో చూడటం, ప్రతి ఉదయం తలుపులు తెరవడం వారి బాధ్యత. ద్వారపాలకులుగా ఏర్పరచబడినవారు 212 మంది (1 దినవృత్తాంతములు 9:22). వారిలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు.

ఆ లేఖన భాగంలోనే మరో ఏర్పాటు కనిపిస్తుంది. ఊళ్లలో ఉండే వారి సహోదరులు ఏడేసి రోజులకు వంతుల ప్రకారం వచ్చి సాయపడేవారు (9:25). ఈ మాట చెప్పినప్పటి నుంచీ మా అబ్బాయి ఆదివారం ఆ జాబితా తెరవడం మానేశాడు. సోమవారం రైలెక్కి చూసేసరికి, ఏ ఊళ్లోనో ఉన్న మరెవరో అప్పటికే అదంతా శుభ్రం చేసి ఉంటున్నారట.