తిథికో ఊరు, ఊరికో ఆట

కార్తీక బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుచానూరుకు తెల్లవారుజామునే వెళ్లి చూడాలి. అమ్మవారి వాహనం ఎనిమిది గంటలకు బయల్దేరుతుంది. అంతకు రెండు గంటల ముందే మాడవీధుల మలుపుల్లో బస్సులు, టెంపో వ్యాన్లు ఆగుతుంటాయి. ఒకే రంగు చీరలు కట్టుకున్న ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు దిగుతారు. వాళ్ల సంచుల్లోంచి కోలాటం కర్రల చివరలు బయటికి పొడుచుకొస్తుంటాయి. వెనక వ్యాన్లో భజన బృందం, దాని వెనక డప్పులు, చెక్కభజన వాళ్లు. నిద్రకళ్లతోనే పద్మసరోవరం మెట్లు దిగి మొహం కడుక్కుని, ఒకరి జడలో ఒకరు పూలు తురిమి, అద్దం లేని చోట సెల్‌ఫోన్‌లో బొట్టు సరిచూసుకుంటారు. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచే కాదు, కర్ణాటక, తమిళనాడుల నుంచి కూడా వస్తారు. తొమ్మిది రోజుల్లో దాదాపు రోజూ పొద్దునొక వాహనం, రాత్రొక వాహనం. వాహనం ముందు రెండేసి గంటలు పాడుతూ, ఆడుతూ నాలుగు వీధులూ తిరగాలి. అది అయిందంటే మళ్లీ బస్సే.

ఈ ఉత్సవాన్ని భక్తుడి కళ్లతో చూసినవాళ్లకు గజవాహనం గుర్తుంటుంది. ఇక్కడ ధ్వజస్తంభం మీద ఎగరేసే పటంలో ఉండేది కూడా ఏనుగు బొమ్మే. పంచమి తీర్థం నాడు తిరుమల నుంచి సారె వచ్చే వైభవం, పుష్కరిణిలో మునిగే వేలాది జనం గుర్తుంటారు. నాకు మాత్రం వాహనానికి ముందు నడిచే ఈ జనం మీదే కన్ను. వీళ్ల బతుకులో సగం దారిలోనే గడుస్తుంది. ఆ దారిలో తిరుచానూరు ఒక మజిలీ.

గుడి పక్కనే ఉన్న ఆస్థాన మండపంలో ఉత్సవాల రోజుల్లో వేదిక ఖాళీగా ఉండదు. పొద్దున మంగళధ్వని, వేదపారాయణం, ఆపైన ధార్మికోపన్యాసం, హరికథ, సాయంత్రానికి అన్నమాచార్య సంకీర్తనలు. వీటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది హరికథ. భాగవతారిణి వేదిక పక్కన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని గజ్జెలు కట్టుకుంటుంటే చూడండి. గజ్జెను కళ్లకద్దుకుని గాని కాలికి చుట్టదు. మెడలో పూలదండ, నడుముకు బిగించిన ఉత్తరీయం, వేళ్ల మధ్య చిరతలు. తోడు ఒక మృదంగం, ఒక వయొలిన్. మొత్తం నాటక కంపెనీ అంతే, ఒక ఆటోలో పట్టేస్తుంది. రుక్మిణీ ఆమే, కృష్ణుడూ ఆమే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించేదీ ఆమే. ఎదురుగా ఉన్న జనమో, దర్శనం అయ్యాక కాళ్లు చాపుకుందామని వచ్చినవాళ్లు. ప్రసాదం తింటూ ఒకరు, పిల్లాడికి జోకొడుతూ ఒకరు, బస్సు టైము చూసుకుంటూ మరొకరు. గంటలో సగం మంది లేచిపోతారు, సగం మంది కొత్తగా వచ్చి కూర్చుంటారు. కథ మొదలు వినని వాడికి కూడా కథ అందాలి. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) శాస్త్రంగా తీర్చిదిద్దిన ఈ కళ ఇలాంటి జనం మధ్య నెగ్గుకు రావడం కచేరీ హాల్లో పాడటంకన్నా కష్టమని నా అభిప్రాయం.

పాటను మూట కట్టుకుని ఈ దారిన రావడం కొత్తేమీ కాదు. తాళ్లపాక నుంచి కుర్రాడుగా కొండకు నడిచొచ్చిన అన్నమయ్య (1408-1503) ఈ దారి తొక్కినవాళ్లందరికీ పెద్ద. ఆయన ఇక్కడి అమ్మవారు అలమేలుమంగ మీద కట్టిన పాటలను ఇవాళ ఊరూరి నుంచి వచ్చి ఆమె ముంగిట్లోనే పాడి పోతున్నారు.

అయితే ఆటను నమ్ముకుని ఊళ్లు తిరిగే వాళ్ల అసలు సంగతి తెలియాలంటే తిరుచానూరు దాటి, ఎండాకాలంలో పాత చిత్తూరు జిల్లా పల్లెల్లోకి వెళ్లాలి. ‘మా ఊళ్లో భారతం పెట్టినారు’ అన్న మాట వినబడితే చాలు, ఆ ఊరికి 18 రోజులు నిద్ర ఉండదని అర్థం. ద్రౌపది గుడి, లేదా ధర్మరాజుల గుడి ముందు పందిరి వేస్తారు. మధ్యాహ్నం హరికథకుడు ఆ రోజు భాగం చెబుతాడు. చెప్పిన కథనే రాత్రికి వీధి నాటకం వాళ్లు ఆడి చూపిస్తారు. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో కుటుంబానిదో, వీధిదో. దాన్ని ‘ఉభయం’ అంటారు. ఆటగాళ్లకు ముందే సంచకారం ఇచ్చి తాంబూలం పెట్టి పిలుస్తారు. ఈ ఊళ్లో భారతం ముగిసిందంటే పెట్టెలు ఇంకో ఊరికి కదులుతాయి. బడి వరండానో, సత్రమో వాళ్ల విడిది. పగలంతా నిద్ర, సాయంత్రం మిరియాల కషాయం, రాత్రి వేషం.

వేషం కట్టడమే ఒక చూడాల్సిన ఆట. తేలిక కొయ్యతో చేసిన కిరీటం, భుజకీర్తులు, వాటి నిండా అద్దం ముక్కలు. ట్యూబులైటు కింద కూడా అవి మిలమిలమంటాయి. కాగడాల రోజుల్లో ఎలా మెరిసేవో ఊహించుకోవచ్చు. మొహానికి రంగు ఎవరికి వాళ్లే వేసుకుంటారు, మొలకు పంచెల మీద పంచెలు చుట్టి గుండ్రంగా పొంగేలా చేస్తారు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెలు ఘల్లుమంటాయి, హార్మోనియం అందుకుంటుంది, వేషగాడు తన గొప్ప తానే దరువులో చెప్పుకుంటాడు. దుర్యోధనుడు ఎవరో తెలియక ఎవరూ రాలేదు. అయినా తెర దిగేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టే ఉంటుంది. మధ్యలో హాస్యగాడు మైకు లాక్కుని, ఫలానా వారు వంద రూపాయలు చదివించారని చెప్పి, ఆ నోటును భీముడి రొమ్ముకు పిన్నుతో గుచ్చేస్తాడు. భీముడు గద దించకుండానే దండం పెడతాడు.

ఈ ఆట పందిట్లో ఆగదు. బకాసుర వధ రోజు బండెడు అన్నంతో భీముడు వీధివీధీ తిరుగుతాడు. అర్జున తపస్సు నాటికి గుడి ముందు పొడవాటి మాను నిలబెడతారు, కొన్నిచోట్ల అది 60 అడుగులు దాటుతుంది. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. చివర చేరాక అక్కణ్నుంచి నిమ్మకాయలు, విభూతి, మారేడు దళాలు విసురుతాడు. సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. ఒళ్లో పడిన పండు వరమని నమ్మకం. పైన ఉన్నది నిన్న రాత్రి నవ్వించిన మనిషేనని వాళ్లకు తెలుసు. ఆ కాసేపు ఆ సంగతి గుర్తు చేసుకోరు. 18వ రోజు నేల మీద బారెడు కాదు, ఇంటి పొడవున పడుకున్న మట్టి దుర్యోధనుణ్ని చేస్తారు. దాని చుట్టూ, దాని మీదా భీమ, దుర్యోధన వేషగాళ్లిద్దరూ గదలతో పరుగులు తీస్తారు. తొడ పగిలి ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడివేస్తుంది. ఆ సాయంత్రమే అగ్నిగుండం. 1911 దాకా చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉన్న నేల కాబట్టి, ఇదే ఉత్సవం సరిహద్దుకు అటు తమిళంలోనూ సాగుతుంది. చెంజి ప్రాంతం కేంద్రంగా సాగే ఈ ద్రౌపది కొలువు మీద ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికా పండితుడు సంపుటాలే రాశాడు.

పక్క జిల్లాలో వేరే కథ నడిచింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు, తోలుబొమ్మలాడించే తన వాళ్లకు రంగు పూసి ‘కీచక వధ’ ఆడించాడు. ఆ కుటుంబమే కంపెనీ అయింది, కంపెనీ పదుల కొద్దీ చీలి రాష్ట్రమంతా డేరాలు వేసింది. వాళ్లది టికెట్టు ఆట. పిల్లలు డేరాలో పుట్టి, తెర పక్కనే నడక నేర్చి, ప్రహ్లాదుడి వేషంతో కూడు సంపాదించారు. దమయంతి వేషంలో ఉన్న తల్లికి నొప్పులొచ్చి సురభి కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. 1932లో విడుదలైన తెలుగు ‘భక్త ప్రహ్లాద’ టాకీలో కథానాయిక ఆమే. సినిమా ఆమెను తీసుకుంది, ఆమె ప్రేక్షకులనూ తీసుకుంది. సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2022లో వెళ్లిపోయారు. గాలిలో తేలొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడే లడ్డూలు ఇప్పటికీ ఉన్నాయి. డేరాలే వేళ్ల మీద లెక్కకొచ్చాయి.

చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ వేషాలు కట్టిన నాగయ్యకు ఆ ఊరి పేరే ఇంటిపేరుగా అతుక్కుపోయింది. ఆయనా సినిమాకే వెళ్లారు. టికెట్టు నిలబెట్టలేని ఆటను మా వైపు తిథి నిలబెట్టింది. అమ్మవారికి బ్రహ్మోత్సవం తప్పదు, ద్రౌపదికి భారతం తప్పదు, కనక ఆటగాడికి పిలుపూ తప్పదు. ఆ పిలుపు ఏడాదంతా కడుపు నింపదు. మిగతా నెలల్లో వేషగాళ్లలో చాలామంది కూలికో సేద్యానికో పోవాల్సిందే.

తిరుచానూరు తిరుపతి బస్టాండుకు 5 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. బ్రహ్మోత్సవాలు నవంబరు, డిసెంబరు మధ్య వస్తాయి. ఆస్థాన మండపంలో కూర్చోవడానికి టికెట్టు లేదు. రాత్రి వాహనం ఏడు గంటలకు. భారతం ఏ ఊళ్లో ఎప్పుడో కావాలంటే ఎండాకాలంలో చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు వైపు టీ అంగళ్లలో అడగండి, గోడల మీది పోస్టర్లు చూడండి. ఆట రాత్రి పది దాటాక మొదలై కోడి కూసేదాకా సాగుతుంది. కుర్చీలుండవు, చాప మీరే తీసుకెళ్లాలి.